కంటైనర్‌లో టెస్టులు పాసయ్యాయా? అయితే ఇది చదవండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) రివ్యూ చేసేటప్పుడు కంటైనర్ల గురించి, అంటే డాకర్ లాంటి టూల్‌తో ఒకే మెషీన్ మీద ప్రోగ్రాముల్ని విడివిడిగా నడిపే డబ్బాల గురించి, నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఉబుంటు 20.04 కంటైనర్‌లో టెస్టులన్నీ పాసయ్యాయి. 20.04లో పనిచేస్తుందని రిలీజ్ నోట్స్‌లో రాసేయనా?" రాయొద్దు. మామూలు వెబ్ అప్లికేషన్ అయితే నేనూ సరేననేవాణ్ణి. మనం రాసేది నేరుగా కెర్నల్‌తో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయతో) మాట్లాడే డీమన్లు (వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రాములు), లైబ్రరీలు.

అపోహ: ఏ డిస్ట్రో (ఉబుంటు లాంటి లినక్స్ రకం) ఇమేజ్ తెస్తే ఆ సిస్టమ్ మీద టెస్ట్ చేసినట్టే.

కాదు. ఇమేజ్‌లో (కంటైనర్ మొదలయ్యే ఫైళ్ల మూటలో) వచ్చేవి ఆ డిస్ట్రో లైబ్రరీలు, కంపైలర్, ప్యాకేజీలు మాత్రమే. కెర్నల్ మాత్రం హోస్ట్‌దే, అంటే కంటైనర్ నడిచే అసలు మెషీన్‌ది. ఒక ఇంట్లో నాలుగు పోర్షన్లు అద్దెకిస్తే వంటిళ్లు వేరైనా బోరు ఒకటేగా, ఇదీ అంతే. నమ్మకం లేకపోతే 20.04 కంటైనర్‌లోకి వెళ్లి కెర్నల్ వెర్షన్ చూపే 'యూనేమ్ -ఆర్' కొట్టి చూడండి. హోస్ట్ ఉబుంటు 24.04 అయితే 6.8 అనో, అంతకన్నా కొత్తదో చూపిస్తుంది. 20.04 మొదట వచ్చింది 5.4 కెర్నల్‌తో.

ఈ తేడా ఎక్కడ దెబ్బ కొడుతుందో దగ్గర నుంచి చూశాను. మా టీమ్‌లో ఒక తమ్ముడు డీమన్‌లో ఫోర్క్ (చైల్డ్ ప్రాసెస్ పుట్టించడం) తర్వాత అక్కర్లేని ఫైల్ డిస్క్రిప్టర్లన్నీ (తెరిచి ఉన్న ఫైళ్లు, సాకెట్ల నంబర్లు) ఒకేసారి మూయడానికి 'క్లోజ్_రేంజ్' సిస్టమ్ కాల్ (కెర్నల్‌ని పని అడిగే పిలుపు) పెట్టాడు. అది కెర్నల్ 5.9లో వచ్చింది. కంటైనర్‌లో అన్నీ గ్రీన్. అసలు 20.04 సర్వర్ మీద మాత్రం ఆ కాల్ 'ఈనోసిస్' (ఇలాంటి కాల్ లేదనే ఎర్రర్) తెచ్చింది, రిటర్న్ వాల్యూ ఎవరూ చూడలేదు. దాంతో మూతపడాల్సిన లిజనింగ్ సాకెట్ చైల్డ్ ప్రాసెస్ చేతిలో ఉండిపోయింది. డీమన్ రీస్టార్ట్ చేస్తే 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్'. అందరూ నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ తవ్వడం మొదలుపెట్టారు, సిస్టమ్ కాల్ సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ అబ్బాయి తప్పు ఏముంది? కంటైనర్‌లో కెర్నల్ ఉండదని అతనికి ఎవరూ చెప్పలేదు.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. 2021 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రాములు వాడే సి లైబ్రరీ) 2.34 థ్రెడ్ పుట్టించడానికి ముందు 'క్లోన్3' సిస్టమ్ కాల్ ప్రయత్నిస్తుంది. 'ఈనోసిస్' వస్తేనే పాత 'క్లోన్'కి దిగుతుంది. అప్పటి డాకర్ సెక్‌కాంప్ ఫిల్టర్‌కి (ఏ సిస్టమ్ కాల్స్‌ని వదలాలో తేల్చేదానికి) ఆ కాల్ తెలియదు కాబట్టి 'ఈపర్మ్' (అనుమతి లేదు) ఇచ్చేది. దాంతో పాత 'క్లోన్'కి దిగక కొత్త ఇమేజీల్లో థ్రెడ్లే పుట్టేవి కావు. డాకర్ 20.10.10లో సరిచేశారు. కానీ పాత డాకర్ ఉన్న బిల్డ్ సర్వర్ ఎక్కడో ఒకచోట ఇంకా తగులుతూనే ఉంటుంది. మొదటి ప్యాచ్ పంపినవాళ్లు దీన్ని చూసి "నా కోడే పాడైంది" అని రాత్రంతా టెన్షన్ పడతారు. పడకండి. మీ ప్యాచ్ తీసేసి మెయిన్ బ్రాంచ్‌నే అదే కంటైనర్‌లో నడపండి. అదీ పడిపోతే నేరం మీది కాదు. ఒక్కసారి సెక్‌కాంప్‌ని అన్‌కన్‌ఫైన్డ్‌లో (ఫిల్టర్ లేకుండా) పెట్టి చూస్తే కారణం తేలిపోతుంది. తేలాక ఆ సెట్టింగ్ అలాగే వదిలేయకుండా డాకర్‌ని అప్‌డేట్ చేయండి.

అలాగని కంటైనర్లు పనికిరావని కాదు. పది డిస్ట్రోల్లో బిల్డ్ అవుతుందో లేదో చూడటానికి వాటికి సాటి లేదు. వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఎము ప్రాజెక్టు కూడా వేర్వేరు డిస్ట్రోల బిల్డ్‌లకు కంటైనర్ ఇమేజీలే వాడుతుంది. కెర్నల్ ప్రవర్తన మీద ఆధారపడ్డ టెస్టులకు మాత్రం వీఎం (సొంత కెర్నల్‌తో నడిచే వర్చువల్ మెషీన్) కావాలి. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపే సాఫ్ట్‌వేర్) వాళ్లు 'ఎంకేఓఎస్‌ఐ' టూల్‌తో ఇమేజ్ కట్టి వీఎంలో బూట్ చేస్తారు. అంత హంగామా వద్దనుకుంటే 'వర్ట్‌మీ-ఎన్‌జీ' చాలు, మీ ఫైల్‌సిస్టమ్ మీదే వేరే కెర్నల్ బూట్ అవుతుంది.

అపోహ: కంటైనర్‌కి ప్రివిలేజ్డ్ (దాదాపు అన్ని హక్కులు) ఇస్తే అన్నీ సర్దుకుంటాయి. అప్పుడు మీరు లోడ్ చేసే మాడ్యూల్ (కెర్నల్‌కి తగిలించే కోడ్) హోస్ట్ కెర్నల్‌లోకే వెళ్తుంది. అది ప్యానిక్ అయితే మెషీన్ మొత్తం పోతుంది. కావాల్సింది కేవీఎం (వీఎంలను వేగంగా నడిపే కెర్నల్ సదుపాయం) ఒక్కటే అయితే ఆ ఒక్క డివైస్ ఇవ్వండి.

అపోహ: కంటైనర్‌లో రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) టెస్టులు నడిపితే ఏమీ కాదు. పర్మిషన్లన్నీ తీసేసిన ఫైల్‌ని తెరిచి 'ఈయాక్సెస్' (అనుమతి లేదనే ఎర్రర్) రావాలని చూసే టెస్టు రూట్ కింద ఫెయిలవుతుంది, రూట్ దాన్ని తెరిచేస్తుంది కాబట్టి. ఆ టెస్టునే తీసేసినవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. మామూలు యూజర్‌తో నడపండి.

అపోహ: 'కిల్డ్' అని వస్తే కంపైలర్‌లో బగ్. రెండు సీపీయూల కోటా ఇచ్చినా చాలా ఇమేజీల్లో సీపీయూల లెక్క చెప్పే 'ఎన్‌ప్రాక్' హోస్ట్ కోర్లన్నీ చూపిస్తుంది. హోస్ట్‌లో ముప్పైరెండు కోర్లుంటే ముప్పైరెండు కంపైల్ జాబులు ఒకేసారి లేస్తాయి, మెమరీ లిమిట్ దాటగానే కెర్నల్ చంపేస్తుంది. ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తే ముందు జాబులు తగ్గించండి.

అపోహ: 'లేటెస్ట్' ట్యాగ్ పెడితే అందరికీ ఒకే ఇమేజ్. ట్యాగ్ కింద ఇమేజ్ మారుతూనే ఉంటుంది. బగ్ రిపోర్టులో డైజెస్ట్ (ఆ ఇమేజ్‌నే కచ్చితంగా గుర్తించే హ్యాష్) రాయండి, దాంతోపాటు హోస్ట్ కెర్నల్ వెర్షన్ కూడా.