అమ్మాయిల స్ప్రింట్: గ్రౌండ్‌లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

జూన్‌లో బళ్లు తెరిచాక మా గ్రౌండ్‌కి కొత్త పిల్లలు వస్తారు. వాళ్ల వెనకే అమ్మానాన్నలు, వాళ్ల అనుమానాలు. ఇరవై ఏళ్లుగా అమ్మాయిలకు స్ప్రింట్ నేర్పుతున్నాను, ప్రశ్నలు మాత్రం పెద్దగా మారలేదు. ఈమధ్య జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా జమైకా స్ప్రింటర్ షెల్లీ-ఆన్ ఫ్రేజర్-ప్రైస్ కథ ఎత్తుకుంటున్నాను. సగం అనుమానాలు ఆవిడ కెరీర్‌తోనే తీరిపోతాయి.

అపోహ: “మా పిల్ల పొట్టి మేడం, పరుగుకి పనికొస్తుందా?”

వాస్తవం: ఫ్రేజర్-ప్రైస్ ఎత్తు 152 సెంటీమీటర్లు, అంటే ఐదడుగులు. అభిమానులు పెట్టుకున్న పేరు ‘పాకెట్ రాకెట్’. అంగ ఎంత పొడవు, సెకనుకు ఎన్ని అంగలు పడుతున్నాయి అన్న రెండూ కలిస్తేనే వేగం. పొడుగు పిల్లలకు మొదటిది కలిసొస్తే, పొట్టివాళ్లు రెండోదాంతో లాక్కొస్తారు. పరుగు మొదలుపెట్టేటప్పుడు కాళ్లు ఆనించే బ్లాక్స్ నుంచి లేచిన మొదటి 30 మీటర్లలో ఆవిడను అందుకున్నవాళ్లు చాలా తక్కువ. అడ్డుకట్టెల మీంచి దూకుతూ పరిగెత్తే హర్డిల్స్ సంగతి వేరు. హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య 8.5 మీటర్లు, మూడంగల్లో దాటాలి. అక్కడ ఎత్తు ఉంటే కాస్త సుఖం.

అపోహ: “ఆఖర్లో స్పీడు పెంచమని చెప్పండి. టీవీలో చివరి 20 మీటర్లు ఎలా దూసుకుపోతారో!”

వాస్తవం: దూసుకుపోతున్నట్టు మన కళ్లకు కనిపిస్తుంది, అంతే. 100 మీటర్లలో ప్రపంచ మేటి అమ్మాయిలు కూడా 50–60 మీటర్ల దగ్గర గరిష్ఠ వేగానికి చేరతారు. అక్కణ్నుంచి అందరి వేగమూ తగ్గుతూనే ఉంటుంది. ఎవరికి తక్కువ తగ్గితే ఆ అమ్మాయి ముందుకు వస్తున్నట్టు అనిపిస్తుంది.

ఇది తెలియక పక్కనుంచి “ఇంకా గట్టిగా, గట్టిగా” అని అరుస్తారు. ఆ అరుపుకి పిల్ల పళ్లు బిగిస్తుంది, భుజాలు చెవుల దాకా లేస్తాయి, అంగ కురచబడుతుంది. గట్టిగా ప్రయత్నించి మరీ నెమ్మదిస్తుంది. అందుకే 60 మీటర్లు దాటాక నా పిల్లలకు నేను చెప్పేది ఒకటే: “దవడ వదిలెయ్.” దవడ వదులైతే భుజాలు వాటంతటవే దిగుతాయి.

ఇంకో మాట. ముగింపు గీత దాటినట్టు లెక్కించేది కాలు పడినప్పుడు కాదు, తల చేరినప్పుడూ కాదు, మొండెం దాటినప్పుడు. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్ 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష టైమ్ 55.42, కంచు గెలిచిన రొమేనియా అమ్మాయిది 55.41. ఆ ఒక్క వందో వంతు గురించి మనవాళ్లు నలభై ఏళ్లుగా మాట్లాడుకుంటున్నారు. అయినా స్కూల్ మీట్లకు వెళ్లి చూస్తే, ఛాతీ వంచి గీత దాటడం నేర్చుకున్న పిల్లలు పదిమందిలో ఇద్దరు కూడా కనిపించరు.

అపోహ: “గంటన్నర క్లాసులో సగం సేపు కూర్చోబెడుతున్నారు.”

వాస్తవం: అవును, కావాలనే. ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తిన ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక నిమిషం విశ్రాంతి అన్నది స్ప్రింట్ కోచ్‌ల మోటు లెక్క. 60 మీటర్ల పరుగుకి ఆరు నిమిషాలు. పేలినట్టు పరిగెత్తడానికి కండరంలో ఉండే ఇంధనం కొన్ని సెకన్లలోనే ఖర్చయిపోతుంది, మళ్లీ నిండటానికి నిమిషాలు కావాలి. నిండకముందే పరిగెత్తిస్తే పిల్ల సాధన చేసేది నెమ్మదిగా పరిగెత్తడాన్నే. చెమట చూసి ఫీజు లెక్కేసే నాన్నగార్లకు ఇది ఓ పట్టాన ఎక్కదు.

అపోహ: “స్కూల్ మీట్‌లో 12.3 చేసింది, స్టేట్ రికార్డుకి దగ్గర్లో ఉంది.”

వాస్తవం: చేతి వాచీతో తీసిన టైమ్‌ని ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోల్చాలంటే 100 మీటర్లకు 0.24 కలుపుతాం. వాచీ నొక్కే వేలు మొదట్లో ఆలస్యం చేస్తుంది, చివర్లో తొందరపడుతుంది. అంటే ఆ 12.3 దాదాపు 12.54 అన్నమాట. ఇక గాలి. వెనకనుంచి సెకనుకు 2 మీటర్లు మించి వీస్తే రికార్డు చెల్లదు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09కి పూర్తిచేసింది. 2002 నుంచి నిలిచి ఉన్న జాతీయ రికార్డు 13.38. కానీ ఆ రోజు గాలి 2.1. రికార్డు దక్కలేదు. మర్నెలలో సైప్రస్‌ వెళ్లి 13.23తో అధికారికంగా బద్దలుకొట్టింది, మరుసటి ఏడాది 12.78 దాకా దించింది.

అపోహ: “బరువులు ఎత్తితే మగరాయుడిలా తయారవుతుంది.”

వాస్తవం: అవదు. కండలు పెంచే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ అమ్మాయిల్లో చాలా తక్కువ. బరువులు ఎత్తితే నేలను గట్టిగా తన్నే బలం వస్తుంది.

అపోహ: “నెలసరి ఆగిందంటే బాగా కష్టపడుతోందన్నమాట.”

వాస్తవం: ఈ అపోహ ఒకప్పుడు నాదే. కోచింగ్‌లోకి వచ్చిన కొత్తలో పదహారేళ్ల అమ్మాయి ఒకతి వచ్చి, మూడు నెలలుగా రాలేదని చెప్పింది. “ట్రైనింగ్‌లో మామూలేలే” అని పంపేశాను. ఆ చలికాలంలోనే మోకాలి కింది ఎముకలో సన్నటి పగులు వచ్చింది. తిన్నది ఖర్చుకి చాలకపోతే శరీరం ముందుగా నెలసరిని ఆపేస్తుంది, దాంతో ఎముకను కాపాడే ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక బలం పోతుంది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి లోటు) అని పేరు పెట్టింది. ఇప్పుడు నా నోట్‌బుక్‌లో టైమింగ్‌ల పక్కన నెలసరి తేదీలకూ ఒక గడి ఉంటుంది. వరసగా తప్పితే ట్రాక్ కాదు, ముందు డాక్టర్ దగ్గరికే.

దీనికి తోడు రక్తహీనత. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో సగం మందికి పైగా ఆడవాళ్లకు ఉన్నదే. కాళ్లు లాగేస్తున్నాయని పిల్ల అంటే బద్ధకం అనేయకుండా హిమోగ్లోబిన్ చూపించండి. గుడ్డు, తోటకూర, పల్లీపట్టీ పెట్టండి. అన్నం తిన్న వెంటనే టీ ఇవ్వకండి, తిన్న ఐరన్ ఒంటికి పట్టదు.

అపోహ: “పంటినొప్పి బిళ్లకి కూడా డోపింగేనా?”

వాస్తవం: కావచ్చు. 2010లో ఫ్రేజర్-ప్రైస్ పంటినొప్పికి వేసుకున్న మందులో నిషేధిత మత్తు మందు ఆక్సికోడోన్ ఉంది. ఆరు నెలలు నిషేధం పడింది. తెలియక వేసుకున్నానంటే వినరు. మీట్లకు వెళ్లే పిల్లలకు పక్కింటివాళ్లిచ్చిన బిళ్లలు వేయకండి.

అపోహ: “ఎంతైనా పాతికేళ్ల దాకానే కదా. పెళ్లై, పిల్లలు పుట్టాక ఇంకేం పరుగు?”

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ వినేది ఇదే. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ కోసం జరిగిన జమైకా సెలక్షన్లలో, 100 మీటర్లలో ఫ్రేజర్-ప్రైస్ రెండో స్థానంలో వచ్చింది. అప్పటికే పేరున్న వెరోనికా క్యాంప్‌బెల్-బ్రౌన్ నాలుగో స్థానం. ఈ కొత్త పిల్లను తీసేసి వెరోనికాను పంపమని అక్కడ చాలామంది అడిగారు. బీజింగ్ వెళ్లి ఆ కొత్త పిల్లే 10.78తో బంగారం తెచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మళ్లీ బంగారం. 2013 మాస్కో ప్రపంచ పోటీల్లో 100, 200, రిలే మూడూ ఆవిడవే. 2016 రియో ఒలింపిక్స్‌లో కాలి బొటనవేలి గాయంతో కంచుకి దిగింది. 2017 ఆగస్టులో బాబు పుట్టాడు. కథ అయిపోయిందనుకున్నారు.

2019 దోహాలో 32 ఏళ్ల తల్లిగా 10.71తో ప్రపంచ విజేత అయ్యింది. ఆరేళ్ల కిందట మాస్కోలో గెలిచిందీ సరిగ్గా అదే 10.71తో. జీవితంలో అన్నిటికంటే మంచి టైమ్ 10.60 వచ్చింది 2021లో, 34 ఏళ్లకు. 35 ఏళ్లకు అమెరికాలోని యూజీన్‌లో 100 మీటర్ల ప్రపంచ టైటిల్ ఐదోసారి. చివరి ప్రపంచ పోటీలు 2025 టోక్యోలో, వయసు 38. ఫైనల్లో ఆరో స్థానం, రిలేలో వెండి. మన ఉష కూడా 1998లో ఫుకువోకా ఆసియా పోటీల్లో 34 ఏళ్ల వయసులో, తల్లయ్యాకే, 200, 400 మీటర్లలో కంచు పతకాలు గెలిచింది.

అందరికీ ఇది సాధ్యం అనను. ఫ్రేజర్-ప్రైస్‌కి స్పాన్సర్లున్నారు, వెంట ఒక జట్టు ఉంది. అమెరికాలో అలిసన్ ఫెలిక్స్ అంతటి చాంపియన్ స్ప్రింటర్ కూడా, ప్రసవం సమయంలో షూ కంపెనీ తక్కువ డబ్బుకి కాంట్రాక్టు ఇవ్వజూపిందని 2019లో బయటికొచ్చి చెప్పాల్సి వచ్చింది. మన జిల్లాల్లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం రాగానే స్పైక్స్ (మేకుల బూట్లు) అటక మీదికెక్కించిన అమ్మాయిలను చాలామందినే చూశాను. వాళ్లలో ఎక్కువమంది పాతికకి ముందే మానేశారు, మానేసేనాటికి టైమింగ్ ఇంకా మెరుగవుతూనే ఉంది.

పోయిన నెల ఒకావిడ కూతురిని చేర్పించడానికి వచ్చి ఇదే అడిగింది. ఫోన్‌లో దోహా వీడియో పెట్టి చూపించాను. గెలిచాక బాబును చంకనెత్తుకుని ట్రాక్ మీద తిరుగుతుందే, అది. చివరి దాకా చూసింది. ఫోన్ నా చేతికిచ్చి, “ఆ పరుగయ్యేదాకా పిల్లాణ్ని ఎవరు ఎత్తుకున్నారు మేడం?” అంది.