నాగలి కర్ర నుంచి మంచినీళ్ళ దాకా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అక్షరం రాని ముసలమ్మ నోట కూడా వినపడే ఇంగ్లీషు మాట ఒకటుంది: క్రియాటినిన్. కిడ్నీలు పాడయ్యే కొద్దీ రక్తంలో పెరిగే పదార్థం అది. "మీవోడికి ఎంతుంది?" అని అడుగుతారు, పొలం ఎన్నెకరాలని అడిగినంత మామూలుగా. సంబంధం కలుపుకోవడానికి వచ్చినవాళ్ళు ఊళ్ళో నీళ్ళెలాంటివో ఆరా తీస్తారు. కిడ్నీలు పాడవకుండా బతకాలన్నదే ఇక్కడి ఇళ్ళన్నిటి కోరిక ఇప్పుడు. వీళ్ళ తాతల కోరిక అది కాదు.

1940 నాటికి శ్రీకాకుళం జిల్లాయే లేదు. ఇక్కడ మందస జమీందారీ ఉండేది. అడవి మీద పెత్తనం ఎస్టేటుది. రైతులు కోరింది నాగలికీ ఇంటికీ కర్ర కొట్టుకునే హక్కు. ఆ ఏడాది మార్చి నెలాఖరులో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. వారం తిరక్కుండానే, ఏప్రిల్ 1న, కర్ర కొట్టుకొచ్చిన రైతులను పట్టుకుపోవడానికి పోలీసులు గుడారి రాజమణిపురం వచ్చారు. అడ్డంగా నిలబడిన గున్నమ్మ తుపాకీ గుండుకు నేలకొరిగింది. ఇక్కడివాళ్ళు ఆమెను ఇప్పటికీ వీర గున్నమ్మ అనే అంటారు.

1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. కర్ర కోసం కొట్లాడినవాళ్ళ పిల్లలకు నేల మీద ఆశ పుట్టింది. మైదానంలో ఆ ఆశ కొంతైనా తీరింది. కొండల్లో తీరలేదు. అప్పుకింద సవర, జాతాపు గిరిజనుల పొలాలు సావుకార్ల చేతుల్లోకి పోతూనే ఉన్నాయి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయాక పోరాటం సాయుధ రూపం తీసుకుంది. 1970 జులైలో దాని నాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతుల్లో హతమయ్యారు. ఉద్యమాన్ని అణిచేసిన ఆ ఏడాదిలోనే, ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా కట్టడి చేసే 1/70 రెగ్యులేషన్ కూడా వచ్చింది. ఆ కట్టడి ఉత్తినే వచ్చిందని నేననుకోను.

ఆ తర్వాతి తరానికి నేల ఒక్కటే చాల్లేదు. వలస ఈ జిల్లాకు కొత్త కాదు, పూర్వం 'రంగం' పోయారు, అంటే రంగూన్. ఇప్పుడు మిలిటరీ, హైదరాబాద్ బిల్డింగ్ పనులు, గుజరాత్ తీరంలో చేపల వేట. ఇంటికొక ఉద్యోగం కావాలన్నది లక్ష్యమైంది. సర్కారు లక్ష్యం మాత్రం కరెంటు, ఫ్యాక్టరీలు. రెండూ ఒకటేనని పైవాళ్ళు అనుకున్నారు.

ఒకటి కాదని సోంపేట బీల చెప్పింది. బీల అంటే వానాకాలం నీళ్ళు నిలిచే పల్లపు నేల. జమ్ము, చేపలు, కొంగలు, గట్ల మీద మేసే గేదెలు, చుట్టూ కొబ్బరితోటలు. ఆ నీళ్ళతోనే పక్క పొలాలు పండుతాయి. అధికారుల లెక్కలో అది బంజరు. అక్కడ 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు కడతామన్నారు. ఉద్యోగాలొస్తాయంటే ఎగిరి గంతేస్తారనుకున్న ఊళ్ళు "మాకొద్దు" అన్నాయి. 2010 జులై 14న కాల్పులు జరిగి రైతులు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీళ్ళ సంస్థ ఆ ప్లాంటు అనుమతిని కొట్టేసింది. ఆ వార్త ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవి కదా అన్న బాధ నన్ను వదల్లేదు. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, ఇంకో థర్మల్ ప్లాంటు వద్దన్న కాకరాపల్లిలో మళ్ళీ తుపాకులు పేలాయి.

అభివృద్ధికి అడ్డం పడ్డారని వీళ్ళను తిట్టినవాళ్ళున్నారు. సోంపేట, మందస పక్కపక్క మండలాలు. 1940లో అడవి మాకూ కావాలన్నారు, 2010లో బీలను బీలలా ఉండనివ్వమన్నారు. అడిగింది మారింది గానీ, రెండుసార్లూ బతుకుతెరువు కోసమే అడిగారు.

ఇప్పటి కోరిక బిందెలో పట్టేంత చిన్నదిగా కనిపిస్తుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ తేల్చలేదు. నీళ్ళ మీద అనుమానం మాత్రం జనానికి పోలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభించారు, హిరమండలం నుంచి వంశధార నీళ్ళు తెచ్చే 700 కోట్ల పథకం కూడా. పైపు వేసిన ఊళ్ళో కొత్త కోడలు బిందె కింద పెట్టి ముందు దోసిట్లో పట్టుకుంటుంది. రంగు చూస్తుంది, వాసన చూస్తుంది, ఒక్క గుక్క తాగుతుంది. అప్పుడు బిందె నింపుకుంటుంది.