మెమరీ కార్డు నుంచి టెలిగ్రామ్ లింకు దాకా

దొంగ ప్రింటు ఎందుకు చూస్తారంటే ‘ఊరికే వస్తుంది కాబట్టి’ అనేస్తాం. కానీ తెలుగు సినిమా పైరసీ మొదట్లో ఊరికే వచ్చింది కాదు. వీసీడీలను డబ్బిచ్చే కొనేవాళ్లు. ఒక్కో డిస్కులో పట్టేది 74 నుంచి 80 నిమిషాలే కనుక సినిమాకు రెండు, నిడివి పెరిగితే మూడు డిస్కులు. తర్వాత సెల్ షాపులో 2జీబీ మెమరీ కార్డు ఇచ్చి సినిమాలు ఎక్కించుకున్నారు, దానికీ డబ్బే. కొత్త సినిమా వెంటనే ఇంటికొచ్చే దారి ఇంకోటి లేదు మరి.

2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ మొదటి సగం విడుదలకు ముందే బయటికి పొక్కింది. నిర్మాత హడావిడిగా 27న విడుదల చేస్తే జనం హాళ్లకు పోటెత్తారు. సీడీ చూసినవాళ్లంతా టికెట్ కొననివాళ్లు కారని అప్పుడే తేలింది.

2016 సెప్టెంబరు 5న జియో రావడంతో సెల్ షాపు పని ఫోనే చేసేసింది. ఇక్కడ ఫైల్ సైజు చూడాలి. రోజుకు 1.5జీబీ ప్యాక్‌లో 400 లేదా 700 ఎంబీ ఫైల్ దిగిపోతుంది, ఇంకా డేటా మిగులుతుంది. అదే రెండున్నర గంటల సినిమాను హెచ్‌డీలో ఆన్‌లైన్‌లో చూస్తే ప్యాక్ మధ్యలోనే అయిపోతుంది. పైరసీ సైట్లు ఈ లెక్క తెలిసే చిన్న ఫైళ్లు పెట్టాయి. వాటి రాబడి చాలావరకు బెట్టింగ్ యాప్‌ల ప్రకటనల నుంచే. ఊరికే చూసినవాళ్లలో కొందరు అక్కడ డబ్బు పోగొట్టుకుంటున్నారు, అది నిజంగా బాధాకరం.

ధర సంగతి దాచలేం. 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రీమియర్‌కు తెలంగాణలో మామూలు రేటుపై రూ.800 అదనం. నలుగురున్న ఇంటికి ఆ అదనమే రూ.3,200. పోనీ ఓటీటీ దాకా ఆగుదామంటే ఒక్కో సినిమా ఒక్కో యాప్‌లో, ఒక్కోదానికీ వేరే చందా.

2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం హాల్లో రికార్డు చేసేవారికి మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, కనీసం రూ.3 లక్షల జరిమానా పెట్టింది. జరిమానా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా పోవచ్చు. హాల్లో సినిమా ఆడించే ప్రొజెక్షన్ సర్వర్ బొమ్మలో కంటికి కనపడని గుర్తు వేస్తుంది, దాన్నిబట్టి ఏ హాలో, ఏ పావుగంటలో తీశారో పట్టేయవచ్చు. ఓటీటీ నుంచి దించిన హెచ్‌డీ ప్రింటులో ఈ హాలు గుర్తు ఉండదు. ఇప్పుడు టెలిగ్రామ్‌లో జనం అడిగేది ఆ ప్రింటునే.