గిన్నె ఖాళీ అయితే తిన్నట్టేనా?

ఆదివారం పొద్దున మా ఇంట్లో హ్యామ్‌స్టర్ (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువు) పంజరం శుభ్రం చేసే డ్యూటీ నాది. దాని పేరు బూందీ. వారమంతా మా అమ్మాయి "గిన్నె ఖాళీ అయింది నాన్నా, ఇంకాస్త వెయ్యవా" అంటూనే ఉంది, నేను వేస్తూనే ఉన్నాను. ఆ ఆదివారం గూటి మూల చెక్కపొట్టు తోడితే అసలు సంగతి బయటపడింది. పిడికెడు సరుకు! మొక్కజొన్న గింజలు, జొన్నలు, పచ్చరంగు పెల్లెట్లు (పిండి చేసి అచ్చుపోసిన మేత బిళ్లలు), అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పక్కనే పొద్దుతిరుగుడు గింజల పొట్టు కుప్ప. వంటింటి తూకం మీద పెడితే పొట్టు కాకుండానే 40 గ్రాములు దాటింది. బూందీ బరువేమో 130 గ్రాములు.

మేం అన్నీ వడ్డించామనుకుంటున్నాం. అది మాత్రం విస్తట్లో బూరెలు తినేసి లేచిన పిల్లాడిలా పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుని, మిగతాదంతా మూలకు నెట్టేసింది. షాపులో "హ్యామ్‌స్టర్ ఫుడ్" అని అంటగట్టిన ఆ ప్యాకెట్‌లో సగానికి సగం ఆ గింజలూ మొక్కజొన్నే. పొద్దుతిరుగుడు పప్పులో బరువులో సగం దాకా కొవ్వు ఉంటుంది, కాల్షియం బాగా తక్కువ. గోధుమ చేలల్లో పరుగులు తీసే జంతువుకు అది అప్పుడప్పుడు దొరికితే మేలే. గాజుపెట్టెలో కూర్చున్న జంతువుకు రోజూ దొరికితే ఒళ్లు పెరుగుతుంది, ఎముకలు పెళుసవుతాయి.

నిజానికి తప్పు దానిది కాదు. హ్యామ్‌స్టర్ అన్న పేరే దాచుకోవడంతో ముడిపడి ఉంది. జర్మన్ భాషలో "హామ్‌స్టర్న్" అనే క్రియకు సరుకులు పోగేసుకోవడమని అర్థం. కొవిడ్ మొదలైనప్పుడు షాపుల మీద పడి పిండి, టాయిలెట్ పేపర్ ఎగబడి కొన్నవాళ్ల గురించి అక్కడి పత్రికలు వాడింది కూడా ఈ మాటనే. మనకీ ఇలాంటి జీవి కొత్త కాదు. ఇంగ్లీషువాడి "బ్యాండికూట్" మన పందికొక్కు నుంచి పుట్టిన మాటే. పొలంగట్ల కింద కలుగులు తవ్వి వడ్ల కంకులు లాక్కుపోయే ఈ జాతుల సంగతి మన రైతులకు బాగా తెలుసు. నెల్లూరు వైపు యానాదులు కోతలయ్యాక ఆ కలుగులు తవ్వి, లోపల దాచిన ధాన్యం కూడా తెచ్చుకునేవాళ్లు. "పందికొక్కులా మెక్కుతున్నాడు" అని తిడతాం గానీ, పాపం పందికొక్కు మెక్కేది కొంత, మోసుకుపోయేది ఎంతో.

హ్యామ్‌స్టర్‌కు మోసుకుపోవడానికి ప్రత్యేకంగా సంచులే ఉన్నాయి. రెండు బుగ్గల లోపలి నుంచి మొదలై భుజాల వెనక దాకా సాగే చర్మపు తిత్తులు అవి. లోపల పెద్దగా తడి ఉండదు కాబట్టి గింజ నానదు. వీపు నుంచి వచ్చే ఒక పొడుగాటి కండరం వాటిని వెనక్కి లాగి పట్టుకుంటుంది. బూందీ గిన్నె ముందు కూర్చుని నింపుకుంటున్నప్పుడు చూడాలి, తల కాస్తా మెడతో కలిసిపోయి ఒక గుమ్మడికాయలా తయారవుతుంది. గూట్లోకి వెళ్లాక ముందుకాళ్లతో బుగ్గలను వెనక నుంచి ముందుకు నొక్కుతుంది, గింజలు టపటపా రాలతాయి. మొత్తం పని ఒక నిమిషం కూడా పట్టదు. గిన్నె ఖాళీ. మనమేమో తినేసిందనుకుంటాం.

అందుకే హ్యామ్‌స్టర్ ఏం తింటోందో తెలియాలంటే గిన్నె చూసి లాభం లేదు, మూల తవ్వాలి.

ఇంతకీ అది అడవిలో ఏం తింటుంది? మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే గోల్డెన్ హ్యామ్‌స్టర్ సొంతూరు సిరియా ఉత్తర భాగం, దాన్ని ఆనుకున్న తుర్కియే. 1930 ఏప్రిల్‌లో జెరూసలేం హీబ్రూ యూనివర్సిటీకి చెందిన జంతుశాస్త్రవేత్త ఇజ్రాయెల్ అహరోని అలెప్పో దగ్గర ఒక గోధుమ పొలం తవ్వించి, ఒక తల్లినీ 11 పిల్లలనూ బయటికి తీశారు. కాలా అజార్ లాంటి, లీష్మానియా అనే పరాన్నజీవి తెచ్చే జబ్బుల మీద పనిచేస్తున్న సాల్ ఆడ్లర్ అనే శాస్త్రవేత్తకు ప్రయోగాల కోసం ఇవి కావలసి వచ్చాయి. పెట్టెలో వేయగానే ఆ తల్లి కంగారులో ఒక పిల్లను చంపేసింది. మిగిలినవాటిలోనూ కొన్ని తప్పించుకున్నాయి, కొన్ని చచ్చిపోయాయి. చివరికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. ఇప్పుడు ప్రపంచంలో పెంపకంలో ఉన్న గోల్డెన్ హ్యామ్‌స్టర్లు దాదాపు అన్నీ వాటి సంతానమే. మా బూందీ కూడా బహుశా ఆ గోధుమ చేను మనవరాలే. (హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌ను జంతువుల మీద పరీక్షించినప్పుడు వాటిలో సిరియన్ హ్యామ్‌స్టర్లూ ఉన్నాయి, గోల్డెన్‌కే అది ఇంకో పేరు. ఆ కుటుంబానికి మనం కాస్త రుణపడే ఉన్నాం.)

ఆ ప్రాంతం పొలాల్లో గోధుమ, బార్లీ, శనగ, మసూర్ పప్పు, జీలకర్ర పండిస్తారు. అంటే ధాన్యం పక్కనే పప్పుధాన్యం ఉంది, గట్టు మీద కలుపుమొక్కల గింజలున్నాయి, లేత ఆకులున్నాయి, పురుగులున్నాయి. దాని ఒళ్లు అలవాటు పడ్డది ఈ కలగలుపు తిండికి. ఇందులోంచి ఒక్కటే మిగిల్చి మిగతావన్నీ తీసేస్తే ఏమవుతుందో ఫ్రాన్స్‌లో తెలిసొచ్చింది.

ఫ్రాన్స్ తూర్పున అల్సాస్ అనే ప్రాంతం ఉంది. అక్కడ పొలాల్లో ఉండేది గోల్డెన్ కాదు, దానికంటే చాలా పెద్దదైన యూరోపియన్ హ్యామ్‌స్టర్. ఒకప్పుడు రైతులు దాన్ని పంటలు నాశనం చేసే పురుగు కింద జమకట్టి చంపేవాళ్లు. తర్వాత అది ఎంతగా తగ్గిపోయిందంటే, దాన్ని కాపాడడంలో ఫ్రాన్స్ విఫలమైందని 2011లో యూరోపియన్ యూనియన్ కోర్టు తీర్పు చెప్పింది. ఎందుకు తగ్గుతోంది? పొలాలన్నీ మొక్కజొన్న అయిపోయాయన్నది అందరికీ కనిపిస్తున్న విషయమే. కానీ మొక్కజొన్న కూడా తిండే కదా, కడుపు నిండా దొరుకుతుంటే సంతానం ఎందుకు తగ్గాలి?

స్ట్రాస్‌బర్గ్ యూనివర్సిటీలో మతిల్డ్ టిసియే బృందం ఆడ హ్యామ్‌స్టర్లకు నాలుగు రకాల తిండి పెట్టి చూసింది. కొన్నిటికి గోధుమ, కొన్నిటికి మొక్కజొన్న. దానికి తోడు క్లోవర్ అనే పశుగ్రాసం ఆకుగానీ వానపాములుగానీ. కేలరీల్లో, ప్రోటీన్లో పెద్ద తేడా లేదు. పిల్లలు కూడా మామూలుగానే పుట్టాయి. తేడా ఆ తర్వాత వచ్చింది. గోధుమ తిన్న తల్లుల పిల్లల్లో అయిదింట నాలుగు వంతులు పాలు మానే వయసుదాకా బతికాయి. మొక్కజొన్న తిన్న తల్లుల పిల్లల్లో బతికినవి నూటికి అయిదు. మిగతావాటిని తల్లులే తినేశాయి. పుట్టిన పిల్లలను తీసుకెళ్లి దాచుకున్న మొక్కజొన్న గింజల కుప్పలో పెట్టి, బతికుండగానే. ఆ తల్లులు గూట్లో పిచ్చిపట్టినట్టు గుండ్రంగా తిరిగేవి, నాలుకలు వాచి నల్లబడ్డాయి.

నల్లబడ్డ నాలుక అన్నది వాళ్లకు ఆనవాలు దొరికిన చోటు. ఇది పెల్లాగ్రా లక్షణం. విటమిన్ బి3, అంటే నియాసిన్, తగ్గితే మనుషులకు వచ్చే జబ్బు ఇది. ఎండ తగిలే చోట చర్మం పగుళ్లు, విరేచనాలు, మతి చలించడం. మొక్కజొన్నలో నియాసిన్ ఉంటుంది గానీ ఒంటికి అందని రూపంలో బిగుసుకుని ఉంటుంది. మెక్సికోలో వేల ఏళ్లుగా మొక్కజొన్నను సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి నానబెడతారు, దాంతో అది విడుదలవుతుంది. యూరప్ వాళ్లు మొక్కజొన్నను తెచ్చుకున్నారు గానీ సున్నపు నీళ్ల కిటుకు తెచ్చుకోలేదు. అక్కడి పేదలు, ఆ తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోని పేదలు, పెల్లాగ్రాతో తరాల తరబడి బాధపడ్డారు. అల్సాస్ హ్యామ్‌స్టర్ల మొక్కజొన్నకు టిసియే బృందం నియాసిన్ కలిపి పెట్టింది. తల్లులు పిల్లలను పెంచుకున్నాయి. 2017లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఈ కథ చదివినప్పుడు నాకు అల్సాస్ కంటే హైదరాబాద్‌లోని తార్నాక గుర్తొచ్చింది. అక్కడి ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరిశీలన ప్రచురించారు. హైదరాబాద్ చుట్టుపక్కల జొన్నలే ప్రధానంగా తినే పేదల్లో పెల్లాగ్రా కనిపిస్తోంది. విచిత్రమేమిటంటే మొక్కజొన్నలో ఉన్న లోపం జొన్నలో లేదన్నది వాళ్ల లెక్క. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం పాలు ఎక్కువ కావడం వల్ల ఒంట్లో నియాసిన్ తయారీ దెబ్బతింటోందని వాళ్లు ప్రతిపాదించారు. దాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి. జొన్నరొట్టెతో పప్పు, ఆకుకూర, కాస్త మజ్జిగ ఉన్న ఇంట్లో ఆ జబ్బు లేదు. రొట్టె, కారంతో సరిపెట్టుకున్న ఇంట్లో వచ్చింది. కాబట్టి జొన్నను తప్పుపట్టడానికి లేదు, పక్కన ఏమీ లేకపోవడమే తప్పు.

ఇక్కడ ఒక మెలిక గమనించండి. అల్సాస్ ప్రయోగంలో మొక్కజొన్న తిన్న హ్యామ్‌స్టర్లకు ఇంకో ఐటమ్ కూడా పెట్టారు, ఆకో పురుగో. అయినా సరిపోలేదు. వెరైటీ అంటే గిన్నెలో ఎన్ని రంగులున్నాయన్న లెక్క కాదు. ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తోందా అన్నదే లెక్క. రంగురంగుల ప్యాకెట్ కొనేటప్పుడు నేను మర్చిపోయింది సరిగ్గా ఇదే.

అలాగని టెన్షన్ పడక్కర్లేదు. మంచి పెల్లెట్లలో విటమిన్లన్నీ కలిపే ఉంటాయి. ప్రోటీన్ 16 నుంచి 20 శాతం, కొవ్వు 4 నుంచి 7 శాతం ఉన్నవి చూసుకుంటే చాలు. పెల్లెట్‌లో ఉన్న సుఖం ఏమిటంటే ప్రతి ముక్కా ఒకలాగే ఉంటుంది, ఏరుకోవడానికి కుదరదు. అలాగని పెల్లెట్లు మాత్రమే పెట్టడం నాకు నచ్చదు. వెతుక్కోవడం, పొట్టు ఒలుచుకోవడం, దాచుకోవడం లేకపోతే ఆ జంతువుకు పొద్దుపోదు. మా ఇంట్లో ఇప్పుడు సగానికి పైగా పెల్లెట్లు, మిగతాది వంటింటి డబ్బాల్లోంచే: కొర్రలు, సజ్జలు, గోధుమలు, కొన్ని పెసలు, రెండు గుమ్మడి గింజలు. మొత్తం కలిపి రోజుకు 10 గ్రాములు, అంటే ఒక పెద్ద చెంచాడు. కొంత గిన్నెలో వేయకుండా చెక్కపొట్టులో చల్లేస్తాం, వెతుక్కుని తింటుంది.

సాయంత్రం గోరంత పచ్చిది: కీరా ముక్క, కొత్తిమీర రెమ్మ, మెంతి ఆకు. అలవాటు లేని దానికి ఒకేసారి ఎక్కువ పెడితే విరేచనాలు పట్టుకుంటాయి, అంత చిన్న ఒంటికి అది ప్రాణం మీదికి వస్తుంది. తినగా మిగిలిన పచ్చిది పొద్దున్నే తీసేయాలి, లేకపోతే అదీ మూలకే చేరి బూజు పడుతుంది. వారానికి రెండుసార్లు ఉడికిన గుడ్డు తెల్లసొన, శనగగింజంత. పురుగుల బదులన్నమాట. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, నిమ్మజాతి పండ్లు, పచ్చి రాజ్మా అస్సలు వద్దు. బెల్లం, అరటిపండు గుజ్జు, మెత్తటి అన్నం లాంటి అంటుకునేవి బుగ్గ సంచిలో ఇరుక్కుపోయి పుండు పడతాయి. వేరుశనగలో బూజు వాసన ఏమాత్రం వచ్చినా పారేయండి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ ఏళ్లుగా పరిశోధిస్తున్న అఫ్లాటాక్సిన్ విషం అందులోనే ఉండేది.

పండు ఇచ్చేముందు ఒక లెక్క వేసుకోండి. డ్వార్ఫ్ రకం హ్యామ్‌స్టర్ బరువు 40 గ్రాములనుకుందాం. దానికి 5 గ్రాముల ద్రాక్షపండు ఒకటి ఇస్తే, 60 కిలోల మనిషి ఒక్కపూటకు ఏడున్నర కిలోల ద్రాక్ష తిన్నట్టు. పైగా ఈ చిన్న జాతులకు షుగర్ భయం ఉంది. 1950ల చివర్లో అమెరికాలో ల్యాబుల్లో పెంచిన చైనీస్ హ్యామ్‌స్టర్లకు దానంతటదే డయాబెటిస్ రావడం గమనించారు. క్యాంప్‌బెల్ డ్వార్ఫ్‌లకూ ఆ ముప్పుంది. నీళ్లు మామూలు కంటే ఎక్కువ తాగుతూ, పంజరం తరచూ తడుస్తుంటే డాక్టరుకు చూపించాలి.

ఇంకొక్కటి, చూసి ముఖం చిట్లించేది. హ్యామ్‌స్టర్ తన పెంటికలు తానే నోటితో అందుకుని తింటుంది. మా అమ్మాయి మొదటిసారి చూసి "ఛీ" అని పరుగెత్తింది. పేగుల చివర్లో ఉండే సూక్ష్మజీవులు తయారుచేసే బి విటమిన్లు, కె విటమిన్ అలా మళ్లీ ఒంటికి పడతాయి. దాని కడుపుకు రెండు గదులు కూడా ఉన్నాయి, మొదటి గదిలో సూక్ష్మజీవులు తిండిని కొంత పులియబెడతాయి. పెరుగన్నం తినే మనం దాన్ని వెక్కిరించడం బాగుండదు.

తిండి మార్చింది ఒక్కరోజులో కాదు. పాత ప్యాకెట్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ, మూలలో సరుకు ఉన్నంతకాలం గిన్నెలో కొత్తగా వేయకుండా మూడు వారాలు ఆగాం. నిల్వ అంతా ఊడ్చేస్తే బెంగ పెట్టుకుంటుంది కాబట్టి ప్రతిసారీ కొంచెం ఎండు సరుకు అక్కడే వదిలేశాం. మూడో ఆదివారం తవ్వి చూస్తే పెల్లెట్లు సగానికి తగ్గాయి, పెసలు ఒక్కటీ లేవు, కొర్రల పొట్టు కనిపించింది. మొక్కజొన్న గింజలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని తీసుకెళ్లి డాబా మీద పావురాలకు చల్లి వచ్చాను.