ఊబకాయం లెక్కలు: అపోహలు - వాస్తవాలు

ఊబకాయం ఏ వర్గంలో ఎంత వేగంగా పెరుగుతుందో కంప్యూటర్ మోడల్‌తో అంచనా కట్టడం నా ఉద్యోగం. హైదరాబాద్‌లో ఎవరికి చెప్పినా ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: అది డబ్బున్నోళ్ల జబ్బు.

వాస్తవం: మన దేశంలో సంపన్నుల్లోనే ఎక్కువన్నది నిజమే, కానీ అక్కడే ఆగట్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో 30.1 శాతం, మగవాళ్లలో 32.3 శాతం మందికి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే కొలత) 25 లేదా ఆపైనే, అంటే అధిక బరువో ఊబకాయమో ఉన్నట్టు. వీళ్లంతా జూబ్లీహిల్స్‌ వాళ్లేనా? సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఆటోవాళ్లను చూడండి. పొద్దుటి నుంచి రాత్రిదాకా సీట్లోనే, మధ్యలో చాయ్, బిస్కెట్, సాయంత్రం బండి మీద మిర్చి బజ్జీ. అమెరికాలోనైతే పేద ఆడవాళ్లలోనే ఊబకాయం ఎక్కువ.

అపోహ: స్నేహితుడు లావైతే మనకూ అంటుకుంటుంది.

వాస్తవం: ఈ మాట 2007లో పుట్టింది. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌ అనే ఊళ్లో జరిగిన ఆరోగ్య అధ్యయనంలో 12,067 మంది రికార్డులు చూసి, స్నేహితుడికి ఊబకాయం వస్తే మనకొచ్చే అవకాశం 57 శాతం పెరుగుతుందని క్రిస్టాకిస్, ఫౌలర్ అనే పరిశోధకులు రాశారు. పత్రికలు దాన్ని వైరస్ చేసేశాయి. మరుసటి ఏడాదే ఇద్దరు ఆర్థికవేత్తలు అలాంటి పద్ధతినే టీనేజర్ల ఎత్తు మీద ప్రయోగిస్తే, ఎత్తు కూడా స్నేహితుల నుంచి వ్యాపిస్తున్నట్టే వచ్చింది! ఒకేలాంటివాళ్లు స్నేహం చేస్తారు, ఒకే వీధిలో ఒకే హోటల్లో తింటారు. ఈ రెండూ తీసేశాక మిగిలిందే అసలు ప్రభావం, దాన్ని విడదీయడమే కష్టం. ఫ్లూ ఒకరి నుంచి ఒకరికి ఎలా అంటుకుంటుందో లెక్కగట్టే మోడల్ తెచ్చి పేరు మార్చి వాడేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

అపోహ: సర్వే ఉండగా మోడల్ దేనికి?

వాస్తవం: సర్వే ప్రతి విడతలో వేరే ఇళ్లకు వెళ్తుంది. ఎవరు లావయ్యారో, ఎవరు తగ్గారో అందులో కనబడదు. మామూలు బరువు, అధిక బరువు, ఊబకాయం అని గడులు గీసి, ఏటా ఒక గడి నుంచి ఇంకోదానికి ఎంతమంది దాటుతారో వర్గాలవారీగా ఊహించి, సర్వే శాతాలతో సరిపోయేదాకా సవరిస్తాం. ఇంకో చిక్కు: సర్వేలో ‘అట్టడుగు వర్గం’ అంటే ఎప్పుడూ కింది 20 శాతమే. అప్పటి పేదింట్లో ఫ్రిజ్ లేదు, ఇప్పటి పేదింట్లో ఉండొచ్చు. పేరు అదే, బతుకు వేరు.

అపోహ: బీఎంఐ 25 లోపుంటే ఢోకా లేదు.

వాస్తవం: మనకు షుగర్ ముప్పు అంతకంటే ముందే మొదలవుతుంది. అందుకే ఇక్కడి డాక్టర్లు 23 దాటగానే అధిక బరువంటారు. ఎవరైనా శాతం చెబితే, గీత 23 దగ్గర గీశారా, 25 దగ్గరా అని అడగండి.