ఆన్‌లైన్ నర్సింగ్ క్లాసులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫీడ్‌బ్యాక్‌లో పిల్లలంతా "చాలా బాగుంది" అన్నారు, అంటే పాఠం వచ్చేసినట్టే.

వాస్తవం: నర్సింగ్ ట్యూటర్లం మాకు మేమే చెప్పుకునే మాట ఇది. నచ్చడం వేరు, రావడం వేరు. శిక్షణ ఎలా సాగిందో చూడటానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లలో సంతృప్తి మొదటిది మాత్రమే. నేర్చుకున్నారా, పనిలో అలా చేస్తున్నారా, దానివల్ల ఏమైనా మారిందా అన్నవి ఆ పై మెట్లు. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ విద్యార్థుల మీద వచ్చిన అధ్యయనం చూడండి. లెక్చర్ విన్నవాళ్లు తమకు బాగా వచ్చిందనుకున్నారు. పరీక్ష పెడితే, తంటాలు పడుతూ తామే లెక్కలు చేసినవాళ్లకు మార్కులు ఎక్కువొచ్చాయి.

అపోహ: నర్సింగ్‌కు ఆన్‌లైన్ అసలు పనికిరాదు.

వాస్తవం: థియరీకి భేషుగ్గా పనికొస్తుంది. 500 ఎం.ఎల్. సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, ఐవీ సెట్‌లో (సెలైన్ ఎక్కించే గొట్టం) 20 చుక్కలు ఒక ఎం.ఎల్. అనుకుందాం. 500ని 20తో గుణించి 480తో భాగిస్తే నిమిషానికి సుమారు 21 చుక్కలు. క్లాసులో నోరు తెరవని అమ్మాయి చాట్‌లో "మేడమ్, 480 ఎక్కడిది?" అని అడిగేస్తుంది. 8 గంటలంటే 480 నిమిషాలని చెప్పినా అర్థం కాకపోతే రికార్డింగ్ మళ్లీ చూసుకుంటుంది. ఫార్మకాలజీ (మందుల పాఠం) కూడా అంతే.

అపోహ: వీడియో నాలుగుసార్లు చూస్తే ప్రొసీజర్ వచ్చేస్తుంది.

వాస్తవం: ఆ 21 చుక్కలనే తీసుకోండి. వార్డులో వాచీ ఒక కంట, చుక్కలు పడే డ్రిప్ చాంబర్ ఒక కంట చూస్తూ, వేగం సరిచేసే రోలర్ క్లాంప్ తిప్పాలి. సరిచేసి ఇటు తిరిగేలోపు పేషెంటు మోచెయ్యి మడుస్తాడు, చుక్క ఆగిపోతుంది. బీపీ సంగతీ ఇంతే. స్టెతస్కోప్‌లో వినిపించే మొదటి శబ్దం సిస్టాలిక్ (పై అంకె), శబ్దం ఆగిన చోటు డయాస్టాలిక్ (కింది అంకె) అని ఆన్‌లైన్ క్విజ్‌లో అందరూ టిక్ పెడతారు. ఫ్యాన్ చప్పుడు, అటెండర్ల మాటల మధ్య ఆ శబ్దం పట్టుకోవడానికే చెవి అలవాటు పడాలి. అందుకే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ నర్సింగ్‌లో పరీక్ష రాయడానికి 80 శాతం హాజరు చాలన్నా, డిగ్రీ ఇచ్చేలోపు ప్రాక్టికల్స్‌లో 100 శాతం పూర్తి చేయాలంటుంది.

"అమెరికాలో సగం క్లినికల్ గంటలు (ఆసుపత్రిలో చేసే శిక్షణ) తీసేసినా ఇబ్బంది లేదని తేలిందిగా" అంటారు కొందరు. 2014 నాటి ఆ అధ్యయనంలో క్లినికల్ గంటల బదులు పెట్టింది శిక్షణ పొందిన టీచర్లతో నాణ్యమైన సిమ్యులేషన్, అంటే నిజం పేషెంటు బదులు బొమ్మల్లాంటివాటితో వార్డులో ఉన్నట్టే చేసే సాధన. జూమ్ క్లాసు కాదు.

అపోహ: నచ్చలేదన్నవాళ్లు బద్ధకస్తులు.

వాస్తవం: 2020 లాక్‌డౌన్‌లో హాస్టళ్లు మూసేశాక ఎన్నో ఇళ్లలో ఉన్నది ఒకే ఫోను. అది తమ్ముడి క్లాసుకు పోతే అక్క క్లాసు గోవిందా. ఇంట్లో ఉంది కదా అని వంటపనీ ఆమెదే. అలాంటి పిల్ల "సంతృప్తి లేదు" అని రాస్తే అది పాఠం మీద ఫిర్యాదు కాకపోవచ్చు.

కాబట్టి ఫారంలో "క్లాసు ఎలా ఉంది?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టకండి. డోసు లెక్క ఎవరి సాయం లేకుండా చేయగలవా, నువ్వు చూసిన బీపీ ట్యూటర్ రీడింగ్‌తో కలిసిందా, రీ-డెమో (ట్యూటర్ చూపించింది తిరిగి చేసి చూపడం) చేసే అవకాశం దొరికిందా, క్లాసుకు ఫోను ఎవరిది అని విడివిడిగా అడగండి.