వాషర్ ట్యాంకులో ఏం పోయాలి? అపోహలు - వాస్తవాలు

సూర్యాపేట దగ్గర హైవే పక్కన మా షెడ్డు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు సగం దూరంలో ఉంటాం కాబట్టి, దారిలో ఏదో ఒక ఇబ్బంది వచ్చి ఆగే కార్లను రోజూ చూస్తుంటాను. ఇంజను గురించి, మైలేజీ గురించి పది ప్రశ్నలు అడిగే ఓనర్లు కూడా ముందు అద్దం కడగడానికి నీళ్లు పోసే వాషర్ ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి "నీళ్లే కదన్నా, ఏవో ఒకటి పొయ్యి" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. రాత్రిపూట ఎదురు లైటు పడినప్పుడు రోడ్డు కనపడుతుందా లేదా అన్నది చాలావరకు ఆ నీళ్ల మీదే ఆధారపడి ఉంటుంది.

అపోహ: నీళ్లు చాలు, ఏ నీళ్లైనా ఒకటే

మా ఉమ్మడి నల్గొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అద్దం మీదికి నీళ్లు చిమ్మే వాషర్ నాజిల్‌ను మూసేసేది మాత్రం ఫ్లోరైడ్ కాదు, నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే సున్నం అదే. నాజిల్ రంధ్రం చాలా సన్నగా ఉంటుంది. బానెట్ వేడికి, ఎండకు అక్కడ మిగిలిన చుక్క ఆరిపోతుంది, సున్నం మిగిలిపోతుంది. కొన్ని నెలలకు ధార పక్కకు తిరుగుతుంది, ఆ తర్వాత పూర్తిగా ఆగిపోతుంది. అద్దం మీద ఆరిన చుక్కలదీ ఇదే కథ. తెల్ల మచ్చలు పడ్డాక మామూలుగా తుడిస్తే పోవు.

అందుకని వాషర్ ఫ్లూయిడ్ (అద్దం శుభ్రం చేయడానికి ట్యాంకులో పోసే ద్రవం) ఏ కంపెనీది అని అడిగే ముందు, మీ ఊరి నీళ్లు ఎలాంటివో చూసుకోండి. నీళ్లలో కలుపుకునే చిక్కటి ఫ్లూయిడ్, అంటే కాన్సంట్రేట్ సీసా ఎంత మంచిది కొన్నా, దాన్ని బోరు నీళ్లలో కలిపితే సున్నం ఎక్కడికీ పోదు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ అన్నిటికంటే మేలు. కొనేటప్పుడు లేబుల్ చదవండి, కొన్ని షాపుల్లో బ్యాటరీ ఆసిడ్ క్యాన్ కూడా పక్కనే ఉంటుంది. ఇంట్లో ఆర్ఓ ఫిల్టర్ ఉంటే ఆ మంచినీళ్లు వాడొచ్చు. పక్క పైపులోంచి బయటికి పోయే వేస్ట్ నీళ్లు పనికిరావు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు చాలా తక్కువ. శుభ్రమైన బకెట్లో పట్టి, పలుచని గుడ్డతో వడగట్టి, ఫ్లూయిడ్ కలిపి పోసుకుంటే సరిపోతుంది. నేను నా కారులో పోసేది అవే.

ఇక ఎంత మంచి నీళ్లైనా, ఒట్టి నీళ్లకు జిడ్డు వదలదు. లారీల పొగ మసి, రోడ్డు మీది ఆయిల్ తుంపర అద్దానికి పట్టి ఉంటాయి. తొలకరి పడ్డ సాయంత్రం హైవే మీద వచ్చిన కారు అద్దం చూస్తే ఉసిళ్లు కొట్టుకుని రెక్కలు, జిగురు అంటుకుని ఉంటాయి. అప్పుడు ఒట్టి నీళ్లు కొట్టి వైపర్ వేస్తే ఆ జిగురంతా విల్లులా పరుచుకుంటుంది. వాషర్ ఫ్లూయిడ్‌లో ఉండే క్లీనింగ్ పదార్థం జిడ్డును విడదీస్తుంది, కొద్దిపాటి ఆల్కహాల్ తొందరగా ఆరేలా చేస్తుంది.

ఇంకో సంగతి. నిలవ ఉన్న గోరువెచ్చని నీళ్లలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. తుంపర్లలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళితే తీవ్రమైన న్యుమోనియా తెప్పించగలదు. 2010లో బ్రిటన్ ఆరోగ్య నిపుణులు చిన్న స్థాయిలో చేసిన పరిశీలనలో, ఫ్లూయిడ్ కలపని ప్రతి ఐదు కార్లలో ఒకదాని ట్యాంకులో దాని జాడ దొరికింది. కలిపిన వాటిలో దొరకలేదు. భయపడాల్సిన పని లేదు గానీ, వాడకుండా నెలల తరబడి ఉంచిన నీళ్లను పారబోసి కొత్తవి పోయడం మంచిది.

అపోహ: షాంపూ ప్యాకెట్టో, గిన్నెల సబ్బో వేస్తే అదే ఫ్లూయిడ్

ఈ పని నేనూ చేశాను. పని నేర్చుకునే రోజుల్లో, ఒక కస్టమర్ కారు రాత్రిపూట ఇంటికి చేర్చాల్సి వచ్చింది. ట్యాంకు ఖాళీగా ఉందని నీళ్లలో షాంపూ పిండి పోశాను. నకిరేకల్ దాటాక అద్దం మసకగా ఉందని స్విచ్ లాగాను. సరిగ్గా అదే సమయానికి ఎదురుగా లారీ వచ్చింది. అద్దమంతా పాలు పోసినట్టు తెల్లబడింది, రోడ్డు అంచు ఎక్కడుందో కనపడలేదు. బ్రేకు మీద కాలుపెట్టి రెండు మూడు సెకన్లు గుడ్డిగానే నడిపాను. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ సెకన్లు ఇప్పటికీ మర్చిపోలేదు.

జుట్టు మెరవడానికి చాలా షాంపూల్లో సిలికాన్, కండిషనర్ కలుపుతారు. అద్దం మీద అవి పొరగా మిగిలిపోతాయి. పగలు ఆ పొర కనిపించదు, రాత్రి ఎదురు లైటు పడితే వెలుగును నలువైపులా చిమ్ముతుంది. గిన్నెల సబ్బుకు నురగ ఎక్కువ. ఆ నురగ కారి బానెట్ మీద ఆరితే పెయింటు మీది వ్యాక్స్ పోతుంది. నురగ ఎక్కువ వస్తే బాగా శుభ్రం చేస్తుందనుకుంటాం. అద్దానికి కావాల్సింది నురగ తక్కువగా, మరక మిగల్చకుండా ఆరిపోయే ద్రవం.

అపోహ: నీలం రంగుంటే వాషర్ ఫ్లూయిడే

రంగు కేవలం డై. ఇంజనును చల్లబరిచే కూలెంట్ కూడా నీలంగా, ఆకుపచ్చగా, ఎర్రగా దొరుకుతుంది. మూత మీద బొమ్మ చూడండి: అద్దం మీదికి నీటి ధార చిమ్ముతున్నట్టు ఉంటే అది వాషర్ ట్యాంకు. పొరపాటున వాషర్ ఫ్లూయిడ్‌ను కూలెంట్ ట్యాంకులో పోస్తే ఇంజను స్టార్ట్ చేయకండి, మెకానిక్‌ను పిలిచి ఖాళీ చేయించండి. కూలెంట్‌ను వాషర్‌లో పోస్తే అద్దం మీద జిగట పొర పట్టి రోడ్డు కనపడదు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకుతాయి, చిన్న పిల్లలకూ ప్రమాదమే. మిగిలిన డబ్బాను గ్యారేజీలో కింద పెట్టొద్దు.

అపోహ: అమెరికా ఫ్లూయిడ్ ఇంకా బలమైనది, అదే తెప్పించుకోవాలి

మా బావమరిది చికాగోలో ఉంటాడు. అక్కడ చలికాలంలో ఒట్టి నీళ్లు పోస్తే ట్యాంకులోనే గడ్డకట్టి పైపులు పగులుతాయి. అందుకే సున్నాకు దిగువన 29 డిగ్రీల సెల్సియస్ వరకు గడ్డకట్టని రకం పోస్తారు. అక్కడ అది అవసరం, వేసవి ఫ్లూయిడ్ మిగిలి ఉంటే చలి రాకముందే మార్చుకోవాలి కూడా. అక్కడి చవక రకాల్లో చాలావాటిలో మిథనాల్ ఉంటుంది. తాగితే చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 0.6 శాతానికి మించి మిథనాల్ ఉన్న వాషర్ ఫ్లూయిడ్‌ను మామూలు జనానికి అమ్మడం నిషేధం. సూర్యాపేట ఎండలో గడ్డకట్టే సమస్య ఎక్కడిది? లేని చలి కోసం ఆ విషాన్ని ఇంట్లో తెచ్చి పెట్టుకోవద్దు. మన దగ్గర దొరికే మామూలు వేసవి రకం చాలు.

అపోహ: చిక్కగా కలిపితే ఇంకా బాగా పనిచేస్తుంది

చేయదు, మరకలు మిగులుతాయి. సీసా మీద ఎంత రాస్తే అంతే. ట్యాబ్లెట్ రకమైతే ముందు విడిగా నీళ్లలో పూర్తిగా కరిగించి పోయండి.

కిరోసిన్ కలపడం, వానలో అద్దానికి పొగాకు రుద్దడం పాత డ్రైవర్ల అలవాట్లు. వాళ్ల అనుభవం మీద నాకు గౌరవం ఉంది, ఈ రెండూ మాత్రం మానేయమని చెబుతాను. కిరోసిన్ వైపర్ రబ్బరును ఉబ్బిస్తుంది, పైగా జిడ్డు మిగులుస్తుంది. వెనిగర్ కూడా ట్యాంకులో పోయొద్దు. సున్నం పట్టిన నాజిల్‌ను విప్పి, వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి కడగడానికైతే అది చక్కగా పనికొస్తుంది.

అపోహ: మంచి ఫ్లూయిడ్ పోశాక గీతలు పడవు

వైపర్ రబ్బరు మన ఎండకు ఏడాదిలోపే గట్టిపడిపోవచ్చు. అలాంటి రబ్బరుకు ఏ ఫ్లూయిడ్ పోసినా గీతలు తప్పవు. ముందు తడిగుడ్డతో రబ్బరు అంచు తుడవండి. నల్లటి మసి వదిలాక కూడా గీతలు పడుతుంటే బ్లేడ్లు మార్చండి. దుమ్ము పట్టిన అద్దం మీద పొడిగా వైపర్ వేయకండి, ఇసుక రేణువులు అద్దాన్ని గీకేస్తాయి.

స్విచ్ లాగినప్పుడు మోటారు శబ్దం వచ్చి ధార రాకపోతే వెంటనే వదిలేయండి. ఆ చిన్న పంపు చల్లబడేది లోపల పారే ద్రవంతోనే, ఖాళీగా తిప్పితే కాలిపోతుంది. ముందు ట్యాంకు చూడండి, నిండుగా ఉంటే నాజిల్ చూడండి, అదీ బాగుంటే పైపు ఊడిందేమో చూడండి. చాలాసార్లు ఈ మూడింటిలోనే దొరుకుతుంది.